గాలి తగ్గాక మొదలయ్యే కష్టం

ఉప్పెన అనగానే మనకు 1977 నాటి దివిసీమ గుర్తొస్తుంది. బంగాళాఖాతం ఆ కొసన ఉన్న బంగ్లాదేశ్‌లో తరానికో దివిసీమ ఉంది. తుపానంటే ముందుగా మృతుల లెక్క అడగడం మన అలవాటు. చాలా అపోహలకు మూలం ఆ అలవాటే.

అపోహ: చావులు తగ్గాయంటే నష్టం తగ్గినట్టే.

వాస్తవం: 1970 భోలా తుపానులో అక్కడ కనీసం 3 లక్షల మంది పోయారు. 2009 మేలో ఐలా తుపానుకు బంగ్లాదేశ్‌లో చనిపోయింది 200 మంది లోపే. ఐలా అంత బలమైనది కాదన్న మాట నిజమే గానీ, హెచ్చరికలు, షెల్టర్లు, ఊరూరా తిరిగే వాలంటీర్లు నిలబెట్టిన ప్రాణాలు తక్కువేం కాదు. అయితే షెల్టర్‌లో మనిషికి చోటుంటుంది, పొలానికి ఉండదు. ఖుల్నా, సాత్‌ఖీరా జిల్లాల్లో 1960ల నాటి మట్టి కరకట్టలు తెగి, ఉప్పునీరు ఊళ్ల మీద పడింది. కొన్ని గండ్లు పూడ్చడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. అన్నాళ్లూ పోటుకు నీరు ఊళ్లోకి రావడం, ఆటుకు పోవడం! మిగిలిన కట్టల మీదే జనం గుడిసెలు వేసుకున్నారు. చేలు చవుడుబారాయి, మంచినీటి చెరువులు ఉప్పెక్కాయి. వరి లేదు, కోత కూలీ లేదు. మగవాళ్లు పట్నాల దారి పట్టారు. ఇవేవీ మృతుల లెక్కలోకి రావు.

అపోహ: తుపానుకు ఉన్నవాడూ లేనివాడూ ఒకటే.

వాస్తవం: మేడ గోడ కూలితే నష్టం లక్షల్లో రాస్తారు. తడికె ఇల్లు, రెండు మేకలు కొట్టుకుపోతే వేలల్లోనే రాస్తారు. కానీ ఆ ఇంటి ఆస్తంతా అదే, పిల్ల పెళ్లికో రోగానికో దాచుకున్నదీ ఆ మేకలే. ప్రకృతి విపత్తులు ఏటా సుమారు 2.6 కోట్ల మందిని పేదరికంలోకి నెడుతున్నాయని 2016లో ప్రపంచ బ్యాంకు అంచనా వేసింది.

అపోహ: సర్వం పోయినవాళ్లు సరిహద్దు దాటేస్తారు.

వాస్తవం: ఎక్కువమంది వెళ్లేది సొంత దేశంలోని పట్నాలకే. మరీ లేనివాళ్లకు ఆ దారి ఖర్చులకైనా దిక్కుండదు.

అపోహ: నష్టం లెక్క తేలాకే సాయం. చేతికి డబ్బిస్తే తగలేస్తారు.

వాస్తవం: 2020 జులైలో బంగ్లాదేశ్‌లోని జమునా నదికి పెద్ద వరద రానుందని తెలియగానే, నీరు పోటెత్తకముందే ప్రపంచ ఆహార కార్యక్రమం 23 వేలకు పైగా కుటుంబాలకు 4,500 టాకాల చొప్పున మొబైల్ ఖాతాల్లో వేసింది. అందులో ఎక్కువ భాగం తిండికే పోయింది. తర్వాత పరిశీలిస్తే, ఆ డబ్బు అందిన ఇళ్లలో పస్తులు తక్కువ. అధిక వడ్డీ అప్పులూ తక్కువే.