జీవామృతం పోస్తే ఫ్యాక్టరీ నీళ్ల విషం పోతుందా?

ఫ్యాక్టరీ నీళ్లు పారిన నేలలో ప్రకృతి వ్యవసాయం చేయొచ్చా అని చాలామంది అడుగుతున్నారు. నేను దెబ్బతిన్నాను కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను. వేర్ల తేడా వీడియోలో చూడండి.

సంగారెడ్డి వైపు వాగు పక్కన రెండెకరాలు కౌలుకు తీసుకున్నాను. కౌలు తక్కువ, నీళ్లకు కొదవ లేదు. ఎందుకంత తక్కువో అడగలేదు. పాలకూర, మెంతి వేస్తే సగం గింజలు మొలవలేదు. మొలిచిన వాటికి లేత ఆకులు పసుపు, అంచులు మాడిపోయాయి. బలం చాలలేదనుకొని జీవామృతం రెట్టింపు చేశాను. పీకి చూస్తే వేర్లు పొట్టిగా, చివర్లు నల్లబడి ఉన్నాయి. అగ్రికల్చర్ డిప్లొమా చదివి కూడా ముందు మట్టి పరీక్ష చేయించలేదు!

ఈ ప్రాంతం కథ కొత్తది కాదు. పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగులో కలిసి మంజీర దాకా వెళ్లాయి. పటాన్‌చెరులో శుద్ధి చేసి వదిలిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ మందు ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు.

మొక్కకు ఏమవుతుంది?

- ఉప్పు: మట్టిలో లవణాలు పెరిగితే తడి ఉన్నా వేరు నీళ్లు లాగలేదు.
- సోడియం: మట్టి రేణువులు విడిపోయి, ఆరాక నేల గట్టిపడుతుంది. వేరుకు గాలి ఆడదు.
- భార లోహాలు: వేరు చివర పెరుగుదల ఆగుతుంది. నికెల్, జింక్ మితిమీరితే మొక్కకు ఇనుము అందక లేత ఆకులు పసుపెక్కుతాయి.
- సూక్ష్మజీవులు: ఇవి దెబ్బతింటే పప్పుజాతి వేర్లపై బుడిపెలు తగ్గుతాయి.

జీవామృతంలోని సూక్ష్మజీవులు ఆకు, పేడ కుళ్లబెడతాయి. కాడ్మియం, సీసం మూలకాలు. వాటిని ఏ సూక్ష్మజీవీ అరిగించుకోలేదు. కంపోస్టు కొంత పట్టి ఉంచుతుందే తప్ప తీసేయదు.

అసలు భయం ఇక్కడే ఉంది. నా రెండో కోత పాలకూర పచ్చగా, బాగానే కనిపించింది. అనుమానంతో ల్యాబ్‌కు పంపితే కాడ్మియం పరిమితి దాటింది. ఆకుకూరలు దాన్ని ఎక్కువగా లాగుతాయి. మొదటి కోత అప్పటికే అమ్మేశాను. కొన్న ఇళ్లన్నిటికీ ఫోన్ చేసి విషయం చెప్పి, డబ్బు వెనక్కిచ్చాను. ఆ ఫోన్లు చేయడం నష్టం కంటే కష్టమైంది.

మీరు చేయాల్సింది

1. రెండు కుండీల్లో అనుమానం ఉన్న మట్టి, మంచి మట్టి వేరువేరుగా నింపి పెసలు వేయండి. రెండింటికీ ఒకే మంచి నీళ్లు పోయండి. పది రోజులకు వేర్లు పోల్చండి. బాగా మొలిచినా లోహాలు లేవని కాదు.
2. మామూలు మట్టి పరీక్షలో భార లోహాలు రావు. విడిగా అడిగి చేయించండి. నీళ్లు కూడా ఇవ్వండి.
3. ముందు ఆ నీళ్లు ఆపండి. సోడియం సమస్యకు జిప్సం పనిచేస్తుంది, కానీ మంచి నీళ్లు, మురుగు పోయే దారి ఉండాలి.
4. లోహాలుంటే ఆకుకూరలు, దుంపలు వద్దు. పూలు, కలప చెట్లు నయం. అక్కడి ఆకును ఆచ్ఛాదనకు, వర్మీకంపోస్టుకు వాడకండి.

రసాయనాలు మనం వేయకపోతే సరిపోదు. వేరేవాళ్లు వేసి పోయారేమో కూడా చూసుకోవాలి. అప్పుడే పంటను ధైర్యంగా ‘ప్రకృతి పంట’ అని అమ్మగలం.