మెత్తని మంచులో వెడల్పు స్కీలెందుకు?

ఆదోని, ఎమ్మిగనూరు పక్క నల్లరేగడి చేలో వాన పడిన మర్నాడు నడిచి చూడండి. కాలు మడమ దాకా దిగబడుతుంది. అక్కడే ఓ వెడల్పు పలక వేసి నిలబడితే? అంతగా దిగదు. మీ బరువేం తగ్గలేదు, ఎక్కువ చోటుకు పరుచుకుంది, అంతే.

గుల్మార్గ్ కొండల్లో కొత్తగా కురిసిన పొడి మంచు మీదా ఇదే లెక్క. 60 కిలోల మనిషి బూట్లతో నిలబడితే చదరపు సెంటీమీటరుకు సుమారు 130 గ్రాముల బరువు పడుతుంది. 180 సెం.మీ. పొడవు, 11 సెం.మీ. వెడల్పు ఉన్న స్కీల (మంచు మీద జారే పలకల) జత తొడిగితే సుమారు 15 గ్రాములే! చదును చేసిన గట్టి బాటకు మాత్రం 7, 8 సెం.మీ. సన్నవే మేలు, అంచు చప్పున పట్టుకుంటుంది.

మరి స్కీలు వెడల్పుతో పాటు తేలికగా కూడా ఎందుకుండాలి? రేగడి బంక చెప్పుకు అంటుకుంటే అడుగు తీసి అడుగు వేయలేం కదా! బాట లేని కొండ ఎక్కేవాళ్లు అడుగడుగునా స్కీని ఈడ్చుకెళ్లాలి. అందుకే లోపల పౌలోనియా వంటి తేలిక చెక్క, కార్బన్ ఫైబర్ వాడతారు. అయితే మరీ తేలికవి గట్టి మంచు మీద అదురుతాయి. ఎక్కడమూ దిగడమూ రెండూ కావాలనుకుంటే నా ఓటు 10 సెం.మీ. వెడల్పుకే.