పాత్రే లేచొచ్చి రచయితని నిలదీస్తే?

కథ రాసేవాడు ఆడించేవాడు, కథలో పాత్ర తోలుబొమ్మ. మనందరం అనుకునేది ఇదే గదా! మరి ఆ బొమ్మ ఓ రోజు పుల్లలు విదిలించుకుని, తెర దాటొచ్చి, "నన్నెందుకు ఇట్టా ఆడిస్తున్నావ్?" అని అడిగితే?

ఇట్టాంటి కథల్నే మెటాఫిక్షన్ అంటారు. అంటే కథ రాయడం గురించే నడిచే కథ. అమెరికా రచయిత కర్ట్ వానెగట్ 1973లో 'బ్రేక్‌ఫాస్ట్ ఆఫ్ ఛాంపియన్స్' అనే నవల రాశాడు. అందులో కిల్గోర్ ట్రౌట్ అని ఓ పాత్ర ఉంది. ఆయన సైన్స్ ఫిక్షన్ కథలు రాసే ముసలాయన. చివర్లో వానెగట్టే నవల్లోకి నడిచొచ్చి, ట్రౌట్‌ని పుట్టించింది తానేనని చెప్పి, ఇక వదిలేస్తున్నానంటాడు. ట్రౌట్ అడిగిందల్లా ఒక్కటే, తనకి మళ్ళీ వయసు ఇమ్మని!

ఇదేదో అమెరికా సరుకు అనుకునేరు. మన కృష్ణ ఒడ్డున 500 ఏళ్ళ కిందటే ఇట్టాంటి ముచ్చట ఉంది.

ఘంటసాల మండలంలో శ్రీకాకుళం అని ఊరుంది. ఉత్తరాంధ్రలో ఉన్న జిల్లా కాదు, మన డెల్టాలో ఊరే. శ్రీకృష్ణదేవరాయలు (పాలన 1509–1529) కళింగ మీదికి దండెత్తి వెళ్తూ బెజవాడలో ఆగాడు. అక్కణ్ణుంచి ఈ ఊరొచ్చి ఏకాదశి ఉపవాసం ఉన్నాడు. ఆ తెల్లారుజామున ఆంధ్రవిష్ణువు కల్లోకొచ్చి, సంస్కృతంలో అన్ని రాశావు, తెలుగులో రాయలేవా, గోదాదేవితో నా పెళ్ళి కథ రాయి అన్నాడంట. ఈ సంగతి 'ఆముక్తమాల్యద' మొదట్లో రాయలే చెప్పుకున్నాడు.

గమనించారా? కథానాయకుడే వచ్చి, నా కథ ఫలానా భాషలో కావాలని కవిని అడుగుతున్నాడు. నాయిక గోదాదేవేమో స్వయంగా 'తిరుప్పావై' రాసిన కవయిత్రి.

ఇక మన కాలానికి వద్దాం. విశ్వనాథ సత్యనారాయణ 1895లో కృష్ణా జిల్లా నందమూరులో పుట్టాడు. బెజవాడలో కాలేజీ పాఠాలు చెప్పాడు. తెలుగుకి మొదటి జ్ఞానపీఠం తెచ్చాడు. ఆయన 'విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు' అనే నవల్లో కథ చెప్పేది విశ్వనాథే. ఆయన కల్లోకి పంచతంత్రం చెప్పిన విష్ణుశర్మ, భారతం రాసిన తిక్కన దిగొస్తారు. ఎందుకయ్యా అంటే ఇంగ్లీషు నేర్చుకోడానికి! చదువు ఒంటబట్టని ముగ్గురు రాకుమారుల్ని 6 నెలల్లో దారికి తెచ్చిన గురువు, ఇక్కడ శిష్యుడై ఇంగ్లీషు స్పెల్లింగుల మీద ప్రశ్నల వర్షం కురిపిస్తాడు.

ఇవి సైన్స్ ఫిక్షనా అంటే, కాదు. సైన్స్ ఫిక్షన్‌లో అయితే ఓ టైమ్ మిషనో కంప్యూటరో ఈ పని చేస్తుంది. మనోళ్ళకి కల చేసింది. పని మాత్రం ఒకటే, ఎప్పటికీ కలవని ఇద్దర్ని ఎదురెదురుగా కూర్చోబెట్టడం.

అయినా ఈ ముచ్చటంతా మనకెందుకు? ఊరి నించి బెజవాడ కాలేజీకొచ్చి, ఇంగ్లీషు రాక వెనక బెంచీలో నోరు మూసుకు కూర్చున్న కుర్రాణ్ణి తలుచుకోండి. విష్ణుశర్మంతటోడు కూడా ఆ బెంచీలో కూర్చోవాల్సొచ్చిందని ఈ నవల చూపిస్తుంది. తేడా ఏంటంటే, ఆయన సిగ్గుపడలేదు, ఎదురు ప్రశ్న వేశాడు.

సినిమాల్లో, సీరియళ్ళలో మన పల్లెటూరోళ్ళు పాత్రలుగా బోలెడుమంది కనిపిస్తారు. మాట మాత్రం ఇంకెవరో రాసిచ్చిందే. మన యాస నవ్వించడానికి పనికొచ్చినంతగా, ఆలోచన చెప్పడానికి పనికి రాదన్నట్టు రాస్తారు. ఆ పాత్ర లేచి అడగాలంటే, ముందు మనలో ఒకరు రాయడం మొదలెట్టాలి.

చేతిలో ఫోనుంది, తెలుగు కీబోర్డుంది. ఈ రాత్రి మీ తాతనో మేనత్తనో పాత్రగా పెట్టి ఓ పేజీ రాయండి. రాశాక వాళ్ళకే చదివి వినిపించండి. "నేనిట్టా అన్లేదురా అబ్బాయ్" అని వాళ్ళు అడ్డం తగిల్తే, అసలు కథ అక్కడ మొదలైనట్టే.