అన్యగ్రహజీవులు ఎచ్చట?

2002లో విడుదలైన ‘లిలో అండ్ స్టిచ్’ అను డిస్నీ బొమ్మల చిత్రములో హవాయి బాలిక లిలో, ఆకాశమునుండి వచ్చిన స్టిచ్ అను నీలి జీవితో చెలిమి చేయును. అట్టి జీవులు నిజముగా కలవా? నంద్యాలలోగాని ఆళ్లగడ్డలోగాని ఏ పిల్లవాడైనను అడుగదగిన ప్రశ్నయే ఇది.

దీనికి సంబంధించిన ప్రయోగమొకటి హైదరాబాదులో జరిగినది. 2005 ఏప్రిల్‌లో అచ్చటి బెలూను కేంద్రమునుండి ఎగురవేసిన బెలూను, క్రిమిరహితము చేసిన ఉక్కు గొట్టములలో 20 నుండి 41 కిలోమీటర్ల ఎత్తులలోని గాలిని పట్టి తెచ్చినది. అతినీలలోహిత కిరణములు తీవ్రముగా తాకు ఆ పలుచని గాలిలో సయితము బాక్టీరియా దొరకినవి! అందు మూడు కొత్త జాతులని 2009లో ఇస్రో ప్రకటించినది. ఒకదానికి ఆర్యభటుని పేరు పెట్టిరి.

మరి అవి అన్యగ్రహమునుండి వచ్చినవా? శాస్త్రజ్ఞులు అట్లు తేల్చలేదు. కొత్తదైనంత మాత్రమున పరాయిది కాదు గదా! మూడును మనమెరిగిన ప్రజాతులకు చెందినవే. పైగా ఆర్యభటుని పేరుగల బాక్టీరియా తరువాత సోయాచిక్కుడు వేళ్లచెంత మట్టిలోనే కనబడినది. కనుక నేలమీదివే గాలితో పైకి పోయి యుండవచ్చును.

నంద్యాల నల్లరేగడిలో ఒక్క గ్రాము మట్టియందే కోట్లాది సూక్ష్మజీవులుండును. వానిలో మనము పేరు పెట్టినవి కొన్నియే. ఆకాశపు అతిథిని గుర్తింపవలెనన్న ముందు ఇంటివారిని ఎరుగవలెను.