డిజైన్ పోర్ట్‌ఫోలియో
డిజైన్ పోర్ట్‌ఫోలియో అనగా ఒక రూపకర్త తన పనులలో కొన్నిటిని ఎంచి, క్రమంగా కూర్చిన సంపుటి. డిజైన్ కోర్సుల ప్రవేశాలలోను, ఉద్యోగాల ఎంపికలోను దీనిని పరిశీలిస్తారు.

వ్యక్తిత్వ ముద్ర
ఇది చేసిన పనులన్నిటి పట్టిక కాదు. ఏది ఉంచారు, ఏది తీసివేశారు అన్నదానిలోనే కర్త అభిరుచి తెలుస్తుంది. అలంకారాలతో ముద్ర రాదు. బాపు (1933–2014) గీతను, అక్షరాలను తెలుగు పాఠకులు సంతకం చూడకుండానే గుర్తుపట్టేవారు. ఆయన చేతిరాత ఆధారంగా కంప్యూటరు ఖతులు కూడా వెలువడ్డాయి. అటువంటి ముద్ర ఏళ్ళ తరబడి సాధనతో వచ్చేదే గాని, అరువు తెచ్చిన నమూనా పుటలతో వచ్చేది కాదు.

స్థానిక వస్తువు
విశాఖపట్నం శివారైన పెందుర్తి విద్యార్థి వస్తువు కోసం దూరం వెళ్ళనక్కరలేదు. అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. అయితే బొమ్మ ఫొటో అతికించినంత మాత్రాన అది విద్యార్థి పని కాదు. మెత్తని అంకుడు కర్రనే ఎందుకు వాడతారు, తిరిగే కర్రపై ఒరిపిడి వేడికి రంగులక్క కరిగి ఎలా పట్టుకుంటుంది అని స్వయంగా చూసి గీసిన చిత్తు బొమ్మలు, కుదరక వదిలివేసిన ఆకృతులు, వాటి కారణాలు చేర్చాలి. పరీక్షకులు సాధారణంగా ప్రశ్నించేది వీటి గురించే.

బొమ్మను చేసినది కళాకారుడైతే ఆ సంగతి, ఆయన అనుమతితో ఆయన పేరు, అదే పుటలో వ్రాయాలి. బృందంగా చేసిన పనిలో తన వంతు ఎంతో కూడా అక్కడే తెలపాలి.