ఆసుపత్రిలో రైతు నోరు విప్పవలయును

మన రైతు సంతలో ఎద్దును కొనునపుడు పండ్లు లెక్కించును, నడిపించి చూచును, గీచి గీచి బేరమాడును. అట్టివాడు ఆసుపత్రి గడప త్రొక్కినంతనే మూగవాడగుచున్నాడు. తన బాధ సగమే చెప్పి, జబ్బేమో తెలియకయే మందుచీటీతో ఇల్లు చేరుచున్నాడు. వైద్యుని ప్రశ్నించుట అమర్యాదయని మనలో అనేకుల తలంపు. అది సరికాదని మా మనవి.

1992 జూలైలో పశ్చిమ వంగరాష్ట్రమున ఒక వ్యవసాయకూలి రైలునుండి పడి తలకు తీవ్రమైన గాయము పొందెను. పడకలు లేవనియు, సాధనములు లేవనియు చెప్పి ప్రభుత్వాసుపత్రులు ఒకదాని వెంట నొకటి అతనిని త్రిప్పి పంపినవి. తుదకు ప్రైవేటు ఆసుపత్రిలో సుమారు 17,000 రూపాయలు వెచ్చించి చికిత్స పొందెను. అతడు అంతటితో ఊరకుండక, తన వ్యవసాయకూలీల సంఘముతో గూడి సుప్రీంకోర్టున కెక్కెను. అత్యవసర చికిత్స నిరాకరించుట రాజ్యాంగము 21వ అధికరణములోని జీవించు హక్కునకు భంగమనియు, ధనాభావము ప్రభుత్వమునకు సాకు కాజాలదనియు 1996 మే నెలలో కోర్టువారు తీర్పు చెప్పి, 25,000 రూపాయలు పరిహార మిప్పించిరి. సంఘబల మెట్టిదో మన సభ్యులకు వేరుగ చెప్ప నక్కరలేదు.

అందరును కోర్టున కెక్క నవసరము లేదు. వైద్యునియొద్దకు పోవునపుడు చదువు వచ్చినవారి నొకరిని తోడు తీసికొనిపోవలయును. బాధ ఎప్పుడు మొదలైనదో, ఏ మందులు వాడుచున్నారో కాగితముపై వ్రాసికొనవలయును. పురుగుమందు సోకినచో దాని పేరు గల డబ్బాను వెంట గొనిపోవలయును. ఏ మందో తెలిసిన వైద్యునకు చికిత్స సులభమగును. జబ్బేమి, ఈ పరీక్ష ఎందుకు, వ్యయమెంత, వేరు మార్గము కలదా అని వినయముతో అడుగవలయును. అర్థము కానిచో మరల అడుగుట తప్పు కాదు.

శస్త్రచికిత్సకు ముందు దాని మేలుకీడులను వివరించి రోగి సమ్మతి పొందవలయునని 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కావున చదివి వినిపింపని కాగితముపై వ్రేలిముద్ర వేయరాదు. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారు కోరినచో 72 గంటలలో రికార్డుల నీయవలయునని 2002 నాటి వైద్యవృత్తి నియమములు విధించుచున్నవి. రసీదులను భద్రపరచుకొనవలయును.

వైద్యుని గౌరవింపవలసినదే, గౌరవమనగా మౌనము కాదు. అడుగనిదే అమ్మయైనను పెట్టదు గదా! ప్రతి గ్రామసంఘమును రోగులకు తోడుపోవుటకై చదువరులగు ఇద్దరు సభ్యులను ఏర్పరచినచో, విత్తనములకును ఎరువులకును నిలిచినట్లే, ప్రాణరక్షణకును సంఘము నిలిచినదగును. రాబోవు సభలో ఈ విషయమును చర్చింపుడని సోదర సభ్యులను కోరుచున్నాము.