కృత్రిమ పచ్చికకు ముందు వాననీటికి దారి

ఇటీవల మన పట్టణములలో ఇంటి ముంగిటను, పెరటిలోను కృత్రిమ పచ్చిక పరచుకొను అలవాటు వ్యాపించుచున్నది. నీరు పోయనక్కరలేదు, కత్తిరింపనక్కరలేదు, ఏడాది పొడవునను పచ్చగా కనబడును. అయితే నల్లరేగడి నేలపై ఇల్లు కట్టుకొన్న గృహస్థులు దానిని కొనుటకు ముందే తేల్చుకొనవలసిన ప్రశ్న ఒకటి కలదు. పెరటిలో పడిన వాననీరు ఏ దారిని పోవును?

ఈ పచ్చికకు లోకమున పేరు వచ్చినది 1966లో. అమెరికాలోని హ్యూస్టన్ నగరమున ఆస్ట్రోడోమ్ అను పైకప్పు గల క్రీడాశాలను 1965లో తెరచిరి. కప్పునుండి వచ్చు వెలుగు ఆటగాండ్ర కన్నులు చెదరగొట్టుటచే కప్పుపలకలకు రంగు పూసిరి. వెలుతురు చాలక లోపలి గడ్డి చచ్చిపోయెను. మరుసటి ఏట దాని స్థానమున కృత్రిమ పచ్చికను పరచిరి. ఆ మైదానముపై వాన కురియదు. మన పెరటిపై కురియును. చిక్కంతయు అచ్చటనే యున్నది.

బంకమట్టి కణము మిల్లీమీటరులో ఐదువందలవ వంతుకంటె చిన్నది. కణముల నడుమ సందులు అతి సూక్ష్మములు. ఇసుకనేల గంటకు 30 మిల్లీమీటర్లకు పైగా నీటిని పీల్చుకొనగలదు. తడిసిన బంకనేల సాధారణముగా 5 మిల్లీమీటర్లకు మించి పీల్చదు. 100 చదరపు మీటర్ల పెరటిపై ఒక గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడినదనుకొందము. చేరు నీరు 5,000 లీటర్లు. ఇంకునది హెచ్చుగా 500 లీటర్లు. తక్కిన 4,500 లీటర్లకు మనమే దారి చూపవలెను. వేసవిలో బీటలు వారిన రేగడి తొలకరి నీటిని గటగట త్రాగినట్లే తోచును. తడిసి ఉబ్బగానే ఆ బీటలు మూసికొనును. కావున వేసవినాటి నేలను చూచి మోసపోరాదు.

నిలిచిన నీటివలన పచ్చికకు వచ్చు నష్టము కొద్దిది. ఇంటికి వచ్చు నష్టము పెద్దది. రేగడిలోని మాంట్‌మొరిలొనైట్ అను ఖనిజము తన పొరలలోనికి నీటిని తీసికొని ఉబ్బును, ఎండినపుడు ముడుచుకొనును. పునాదికి ఒక ప్రక్క తడి, మరొక ప్రక్క పొడి యున్నచో గోడలన్నియు సమముగ లేవవు, సమముగ దిగవు. తలుపులు బిగిసికొనును, గోడలు ఏటవాలుగా బీటలు వారును. బోసినేలపై నిలిచిన నీరు కంటబడును గనుక మనము మేలుకొందుము. పచ్చిక క్రింద నిలిచిన నీరు కంటబడదు.

మొదట నేలను పరీక్షింపవలెను. పెరటిలో ఒక అడుగు వెడల్పు, ఒక అడుగు లోతు గల గుంట త్రవ్వి నీరు నింపి, అది ఇంకినపిదప మరల నింపుడు. రెండవసారి నింపిన నీరు మరునాటికిని నిలిచియున్నచో ఆ నేలను నమ్ముకొనరాదు. నీటిని బయటకు నడపవలసినదే.

పనులకు ఒక వరుస కలదు. మొట్టమొదట డాబామీది నీరు దిగు గొట్టములను పెరటిలో వదలక నేరుగా కాలువలోనికి చేర్చవలెను. రెండవది వాటము. గోడనుండి మొదటి మూడు మీటర్లలో నేల ఆరు సెంటీమీటర్లు దిగవలెను. ఆపైన మీటరుకొక సెంటీమీటరు చాలును. కంటితో చూచి వాటము నిర్ణయింపరాదు. తాపీమేస్త్రి నీరు నింపిన పారదర్శకపు గొట్టముతో మట్టము చూచును. ఆ సమయమున మనమును దగ్గరనుండుట మేలు.

మూడవది పల్లపు అంచున పూడ్చిన కాలువ. దీనిని ఫ్రెంచి కాలువ యందురు. ఈ పేరు ఫ్రాన్సు దేశమువలన వచ్చినది కాదు. 1859లో పొలముల మురుగునీటి పారుదలపై గ్రంథము వ్రాసిన అమెరికా దేశీయుడు హెన్రీ ఫ్రెంచి పేరిట వచ్చినది. పునాదికి ఒకటిన్నర మీటరైనను ఎడముగా, అడుగు వెడల్పున, అడుగున్నర లోతున కందకము త్రవ్వి, లోపల వడపోత గుడ్డ పరచి, 20 మిల్లీమీటర్ల కంకర కొంత పోసి, రంధ్రములు గల నాలుగంగుళముల గొట్టమును రంధ్రములు క్రిందివైపున నుండునట్లు అమర్చవలెను. పది మీటర్లకు పది సెంటీమీటర్ల వాలు ఉండవలెను. పైన మరల కంకర పోసి గుడ్డను కప్పవలెను. గుడ్డ లేనిచో సన్నని ఒండ్రు చేరి గొట్టము పూడిపోవును.

ఈ నీరు తుదకు వాననీటి కాలువలోనికో, ఇంకుడు గుంతలోనికో పోవలెను. రేగడి పలుచగా నుండి దిగువన మొరము తగులు చోట గుంతను మొరము వరకు త్రవ్విననే ఫలము. కృష్ణా డెల్టాలో వలె రేగడి మందముగ నుండి, భూగర్భజలము పైపైననే యున్న తావుల గుంత పనికిరాదు. పొరుగువారి గోడవైపునకు నీటిని మళ్లించుట ఎచ్చటను తగదు.

పిమ్మట పైమట్టిని అరడుగు మేర తీసివేసి, వడపోత గుడ్డ పరచి, నాలుగంగుళముల కంకరయు, దానిపై అంగుళము రాతిపొడియు పోసి, వాటము చెడకుండ దిమ్మిసతో గట్టిపరుపవలెను. కొందరు బంకమట్టిలో కొద్దిపాటి ఇసుక కలిపిన చాలునందురు. అట్టి మిశ్రమము ఎండి ఇటుకవలె గట్టిపడును గాని నీటిని వదలదు.

పచ్చికను వెంటనే పరువవలదని మా మనవి. ఒక్క మంచి వాన కురియనిండు. వాన వెలిసిన గంటకు పెరటిలో ఎచ్చటనైన నీరు నిలిచినచో ఆ పల్లమును సరిదిద్దుట అప్పుడు పారతో అయ్యెడి పని. పచ్చిక పరచినపిదప అదియే పల్లమునకై అంతయు పెరికివేయవలసి వచ్చును. గడప ముందు కళ్లాపి చల్లి ముగ్గు వేయుటకు కొంత నేలను విడిచి యుంచుడు. మండువేసవి మధ్యాహ్నమున ఈ పచ్చిక మిక్కిలి కాగును గనుక ఆ వేళ పసిపిల్లలను దానిపై వట్టికాళ్లతో విడువకుడు.